మెట్లతో నేసిన అల

సూరత్‌లో లింబాయత్ సందుల్లోకి వెళితే గుజరాతీ, మరాఠీ మాటల నడుమ తెలుగు చెవిన పడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి సాంచాల పనికి వలస వెళ్లి, అక్కడే ఇళ్లు కట్టుకున్న పద్మశాలి కుటుంబాలు ఎన్నో. ఆ ఊరి నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ వలస ఏపాటిదో ఊహించుకోవచ్చు. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్లలోనూ అదే మాట, సూరత్‌లోనూ అదే మాట.

నేత తెలిసినవాళ్లకి ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు. పడుగు దారం పేక దారాన్ని దాటే ప్రతి చోటా రెండే అవకాశాలు: పడుగు పైన ఉంటుంది, లేదా కింద ఉంటుంది. సగం పైన, సగం కింద అనేది లేదు. మరి చీర కొంగు మీద మామిడి పిందె అంత నున్నగా ఎలా ఒంపు తిరుగుతుంది? తిరగదు. గళ్ల కాగితం మీద డిజైన్ గీసేవాడిని అడిగితే చెబుతాడు, పిందె అంచంతా మెట్లే. రెండు గళ్లు పక్కకి, ఒక గడి పైకి. మళ్లీ ఒక గడి పక్కకి, ఒక గడి పైకి. బట్టని మూరెడు దూరంలో పెట్టి చూస్తే మెట్లు మాయమై ఒంపు మిగులుతుంది. ఇప్పుడు కాగితం బదులు కంప్యూటర్ తెర వచ్చింది, అట్టల మీద బెజ్జాల బదులు ఎలక్ట్రానిక్ జకార్డ్ వచ్చింది. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

మైక్రోకంట్రోలర్ అనే చిప్పు చేత అనలాగ్ అలని పుట్టించడం సరిగ్గా ఇలాంటి పనే. గళ్ల కాగితంలో అడ్డంగా కాలం, నిలువుగా వోల్టేజి ఉంటాయని అనుకుంటే చాలు.

ముందు నిలువు సంగతి. చిప్పు కాలికి మామూలుగా తెలిసినవి రెండే స్థితులు: సున్నా వోల్టులు, లేదా 3.3 వోల్టులు. మనకి కావలసింది ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉన్న, ఉదాహరణకి, 2.27 వోల్టులు. అంకెని తీసుకుని దానికి తగిన వోల్టేజిని ఇచ్చే పరికరం పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ప్రయోగశాలల్లో పొట్టిగా డాక్ అంటారు. దాని లోపలి లెక్క మన పాత కొలతలు ఎరిగినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: అర, పావు, అరపావు, వీసం. నాలుగు బిట్ల డాక్‌లో మొదటి బిట్టు మొత్తం వోల్టేజిలో అర వంతు, రెండోది పావు వంతు, మూడోది అరపావు, నాలుగోది వీసం. 1011 అనే అంకె పంపితే అర ఉంది, పావు లేదు, అరపావు ఉంది, వీసం ఉంది. కలిపితే పదహారింట పదకొండు వంతులు, అంటే 3.3 వోల్టుల్లో 2.27. వజ్రాల తక్కెడలో రాళ్లు వేసినట్టు, ఏ రాయి వేయాలో ఏది తీయాలో బిట్లు చెబుతాయి.

ఈ రాళ్లని రెసిస్టర్లతో చేయవచ్చు. ఒక విలువ, దానికి రెట్టింపు విలువ, ఈ రెండు రకాలు చాలు. వాటిని నిచ్చెనలా పేరిస్తే ప్రతి మెట్టు దగ్గరా బలం సగమవుతూ పోతుంది. ఎనిమిది బిట్లకి ఇలాంటి నిచ్చెనని ఎవరైనా ఇంట్లో కూర్చుని అతికించుకోవచ్చు. అయితే ఇందులో ఒక మోసం ఉంది. దుకాణంలో దొరికే మంచి రెసిస్టర్ విలువ కూడా నూటికి ఒక వంతు అటూ ఇటూ ఉంటుంది. ఎనిమిది బిట్ల నిచ్చెనలో అన్నిటికంటే పెద్ద బిట్టు విలువ 128 మెట్లు. అందులో నూటికి ఒకటి అంటే మెట్టుకి పైమాటే. 127 నుంచి 128కి ఎక్కమంటే వోల్టేజి ఎక్కకపోగా దిగే ప్రమాదం ఉంది. పైగా ఆ ఒక్క అడుగులో ఏడు బిట్లు ఒకేసారి ఆరిపోయి ఒకటి వెలగాలి. ఆ మార్పు ఏమాత్రం అటూ ఇటూ అయినా మధ్యలో ఒక ముల్లు లేస్తుంది. పన్నెండు బిట్ల నిచ్చెనని చేత్తో అతికించాలని చూడటం వృథా శ్రమ, అంత కచ్చితత్వం చిప్పు లోపలే సాధ్యం.

అన్ని చిప్పుల్లోనూ డాక్ ఉండదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. కాలేజీ పిల్లల చేతుల్లో కనిపించే పాత రకం ఆర్డువీనో ఊనో బోర్డులో డాక్ లేదు. అందులో అనలాగ్ రాయి అనే అర్థం వచ్చే ఆదేశం ఒకటి ఉంది కానీ అది చేసేది వేరు: కాలిని సెకనుకి సుమారు 490 సార్లు వెలిగించి ఆర్పుతుంది, వెలిగి ఉన్న సమయాన్ని పెంచి తగ్గిస్తుంది. దీన్ని పి.డబ్ల్యు.ఎం. అంటారు. పేరు చూసి నిజం అనలాగ్ అనుకుంటే అలని తెర మీద చూపించే ఆసిలోస్కోప్ వెంటనే గుట్టు విప్పుతుంది. ఇ.ఎస్.పి.32లో ఎనిమిది బిట్ల డాక్‌లు రెండు, 25, 26 నంబర్ల కాళ్ల మీద ఉంటాయి. ఆర్డువీనో డ్యూలో పన్నెండు బిట్లవి రెండు, కానీ వాటి వోల్టేజి 0.55 కంటే దిగదు, 2.75 కంటే ఎక్కదు. ఎస్.టి.ఎం.32 ఎఫ్407లోనూ పన్నెండు బిట్లవి రెండున్నాయి. డాక్ లేని బోర్డుకి ఎం.సి.పి.4725 లాంటి చిప్పుని రెండు తీగలతో తగిలించుకోవచ్చు. నెమ్మదైన అలలకి అది చాలు.

పన్నెండు బిట్లంటే 4096 మెట్లు. 3.3 వోల్టుల్ని అన్ని ముక్కలు చేస్తే ఒక్కో మెట్టు 0.8 మిల్లీవోల్టు. ఎనిమిది బిట్లయితే 256 మెట్లు, ఒక్కోటి 13 మిల్లీవోల్టులు. నిలువు గళ్ల కథ ఇంతే. ఎక్కువ పడుగు పోగులు, సన్నటి నేత.

అడ్డం గళ్ల కథ ఇంతకంటే రుచిగా ఉంటుంది.

సైన్ అలని పుట్టించాలంటే చిప్పు ప్రతి క్షణం సైన్ విలువని లెక్కగట్టాలి. అది దానికి బరువు పని. అందుకని ముందే లెక్కగట్టిన విలువల్ని ఒక పట్టికగా జ్ఞాపకంలో పెట్టి, వరుసగా తీసి డాక్‌కి అందించడం రివాజు. ఈ పట్టికలు ఇంటర్నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. మనకి అంతకంటే పాతది ఒకటి ఉంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు పావు వృత్తాన్ని 24 భాగాలు చేసి, ఒక్కో భాగానికి జ్య (నేటి సైన్) ఎంత పెరుగుతుందో ఒకే పద్యంలో అక్షర సంకేతాలుగా కూర్చాడు. మొదటి పెరుగుదల 225, తరువాత 224, 222, 219. చివరికి 22, 7. అన్నీ కూడితే 3438. ఆయన తీసుకున్న వృత్త వ్యాసార్ధం అదే. వృత్తం చుట్టుకొలతని 21,600 కళలుగా, అంటే డిగ్రీకి అరవై చొప్పున, తీసుకుంటే వ్యాసార్ధం దాదాపు 3438 కళలు వస్తుంది.

ఇందులో రెండు తెలివిడులు ఉన్నాయి. పావు వృత్తానికే విలువలిచ్చాడు, ఎందుకంటే మిగతా ముప్పావు దాని ప్రతిబింబమే. నేటి ప్రోగ్రామర్ కూడా జ్ఞాపకం ఆదా చేయడానికి ఇదే పని చేస్తాడు. రెండోది, విలువలు కాక తేడాలు ఇచ్చాడు. చిన్న చిప్పుకి గుణకారం కంటే కూడిక తేలిక, పెద్ద సంఖ్యల కంటే చిన్న సంఖ్యలు చవక. ఆర్యభటుడి పట్టిక పైకీ కిందికీ కలిపి 6877 స్థాయిలు గుర్తించగలదు, అంటే పన్నెండు బిట్ల డాక్‌కి కాస్త ఎక్కువే, పదమూడు బిట్లు కావాలి.

కాబట్టి ఆ సంఖ్యల్ని రెండుతో భాగిద్దాం. చిప్పుకి ఇది ఒక్క బిట్టు పక్కకి జరపడమే. 3438లో సగం 1719. అలకి మధ్య రేఖగా 4096లో సగమైన 2048ని తీసుకుంటే మన అల 329 నుంచి 3767 వరకు ఊగుతుంది. వోల్టుల్లో 0.27 నుంచి 3.03 వరకు. ఎస్.టి.ఎం.32 ఎఫ్407 డాక్, లోపలి బఫర్ వాడినప్పుడు, కింద 0.2 వోల్టు, పైన 0.2 వోల్టు వదిలేస్తుంది. ఆర్యభటుడి సగం పట్టిక ఆ హద్దుల్లో చక్కగా ఇమిడిపోతుంది. ఇది కాకతాళీయమే. అయినా లెక్క వేస్తున్నప్పుడు ముచ్చటేసింది.

పావు వృత్తానికి 24 అంటే పూర్తి అలకి 96 విలువలు. మన ఇళ్లకొచ్చే కరెంటులా సెకనుకి 50 సార్లు ఊగే అల కావాలంటే సెకనుకి 4800 విలువలు అందించాలి, అంటే 208 మైక్రోసెకన్లకి ఒకటి. ఇది నాడె కొట్టే వేగం. నాడె ఒక్కోసారి తొందరగా, ఒక్కోసారి ఆలస్యంగా వస్తే బట్టలో దట్టం, పలచన తేడాలు పడతాయి. అలలోనూ అంతే. విలువ పంపి, కాసేపు ఆగి, మళ్లీ పంపమని ప్రోగ్రాం రాస్తే చిప్పు మధ్యలో మరో పనికి పిలుపొచ్చి లేచిపోతుంది. తిరిగొచ్చేసరికి క్షణం దాటిపోతుంది. కంటికి అల బాగానే కనిపిస్తుంది, స్పీకర్‌లో వింటే బొంగురు తేలుతుంది. అందుకని ఈ పనిని ప్రోగ్రాం చేతిలో పెట్టకూడదు. చిప్పులో టైమర్ అనే గడియారం ఉంటుంది. డి.ఎం.ఎ. అనే మరో విభాగం ఉంటుంది. అది పెద్ద మెదడుని అడగకుండా జ్ఞాపకం నుంచి డాక్‌కి అంకెల్ని మోస్తుంది. టైమర్ టక్కుమన్నప్పుడల్లా డి.ఎం.ఎ. ఒక విలువని డాక్‌లో పడేస్తుంది, పట్టిక చివరికి చేరాక మొదటికి వస్తుంది. ఇంతకుముందు చెప్పిన చిప్పులో ఆ టైమర్‌ గడియారం సెకనుకి 8 కోట్ల 40 లక్షల సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 4800తో భాగిస్తే శేషం లేకుండా 17,500 వస్తుంది. అల పుడుతూ ఉంటుంది, చిప్పు మెదడు నిద్రపోయినా పరవాలేదు.

ఆసిలోస్కోప్‌లో ఆ అలని చూస్తే మొదట చక్కటి సైన్ కనిపిస్తుంది. తెరని దగ్గరికి లాగితే మామిడి పిందె అంచు బయటపడుతుంది. మధ్య రేఖ దగ్గర ఒక్కో మెట్టు ఎత్తు 90 మిల్లీవోల్టులు. శిఖరం దగ్గర మూడే. డాక్ మెట్టు 0.8 మిల్లీవోల్టు కదా, మరి ఈ 90 ఎక్కడిది? ఇది డాక్ లోపం కాదు. 208 మైక్రోసెకన్లు కదలకుండా కూర్చున్నందుకు పడిన మెట్టు. బిట్లు ఎన్ని పెంచినా ఇది తగ్గదు. పడుగు ఎంత సన్నదైనా పేకలు తక్కువైతే ఒంపు మొరటుగానే ఉంటుంది. ఖరీదైన పదహారు బిట్ల డాక్ కొని, పట్టికలో మాత్రం 16 విలువలే పెట్టుకున్నవాళ్లు మరిచిపోయే సంగతి ఇది.

ఆ మెట్లలో ఏముంది? ఇక్కడ గణితం ఒక అందమైన జవాబు ఇస్తుంది. మెట్ల అల అంటే నున్నటి అలకి తోడు కొన్ని దొంగ అలలు. ఆ దొంగ అలలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. అలకి 96 మెట్లుంటే మొదటి రెండు దొంగలు సరిగ్గా 95 రెట్ల, 97 రెట్ల పౌనఃపున్యం దగ్గర ఉంటాయి, ఆ తరువాతి జంట 191, 193 రెట్ల దగ్గర. వాటి బలం కూడా అంతే చిన్న లెక్క: 95వ దాని ఎత్తు అసలు అలలో 95వ వంతు. అంటే మన 50 హెర్ట్జ్ అలకి మొదటి దొంగ 4750 హెర్ట్జ్ దగ్గర, 1.38 వోల్టుల్లో 95వ వంతు, దాదాపు 15 మిల్లీవోల్టుల ఎత్తున ఉంది. అలకి ఎనిమిది మెట్లే పెడితే దొంగ ఏడు రెట్ల దగ్గర, 350 హెర్ట్జ్‌లోనే, ఏడో వంతు బలంతో పక్కింట్లో కూర్చుంటుంది. వాణ్ని వడగట్టబోతే అసలు అల కూడా దెబ్బతింటుంది.

మెట్లు పెంచడం అంటే దొంగని చంపడం కాదన్నమాట. వాణ్ని ఊరికి దూరంగా తరిమి, బలహీనపరచడం. దూరం పోయినవాణ్ని పట్టడం తేలిక.

పట్టేది ఫిల్టర్. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. వెయ్యి ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ పెడితే 1590 హెర్ట్జ్ దగ్గర హద్దు పడుతుంది. 4750 దగ్గరున్న దొంగ మూడో వంతుకి కుంగుతాడు. చాలదనిపిస్తే రెసిస్టర్‌ని పది రెట్లు చేయండి. హద్దు 159 హెర్ట్జ్‌కి దిగుతుంది, దొంగ ముప్పైయో వంతు అవుతాడు, అర మిల్లీవోల్టు. డాక్ ఒక్క మెట్టు కంటే తక్కువ. కానీ ఊరికే రాదు. అసలు అల కూడా నూటికి అయిదు వంతులు తరుగుతుంది, 17 డిగ్రీలు వెనకబడుతుంది. స్పీకర్‌లో స్వరం వాయించేవాడికి ఆ 17 డిగ్రీలతో పనిలేదు. మూడు ఫేజుల మోటారుని నడిపేవాడు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. పట్టిక పెద్దది చేసి ఫిల్టర్‌ని చిన్నది చేయాలా, పట్టిక చిన్నది చేసి ఫిల్టర్‌ని బలమైనది చేయాలా అన్నది అవసరాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే. నన్నడిగితే జ్ఞాపకం చవకైన ఈ రోజుల్లో పట్టికనే పెంచుతాను.

పట్టిక పెంచడానికి ఆర్యభటుడి తరువాతివాళ్ల దగ్గర కూడా ఉపాయం ఉంది. రెండు జ్యల మధ్య విలువ కావాలంటే త్రైరాశికం వేయడం మామూలు పద్ధతి. 665లో ఖండఖాద్యకం రాసిన బ్రహ్మగుప్తుడు పక్కపక్క తేడాల్ని కూడా లెక్కలోకి తీసుకుని అంతకంటే నున్నటి సూత్రం ఇచ్చాడు. 24 విలువలతో మొదలుపెట్టి, ఆ సూత్రంతో మధ్యలో నింపుకుంటూ పోతే చిప్పు ఎన్ని మెట్లైనా అల్లగలదు.

పౌనఃపున్యాన్ని సన్నగా మార్చాలన్నా పట్టికే సాయం. 50 హెర్ట్జ్ కాదు, 50.01 కావాలి. నాడె వేగం మార్చకుండా, పట్టికలో వేసే అడుగు పొడుగు మారిస్తే సరి. ముప్పై రెండు బిట్ల పెద్ద లెక్కపెట్టె ఒకటి పెట్టుకుని ప్రతి టక్కుకీ అందులో ఒక స్థిర సంఖ్య కలుపుతూ పోతారు. దాని పై బిట్లు పట్టికలో చోటుని చూపిస్తాయి. ఈ పద్ధతిని టియర్నీ, రేడర్, గోల్డ్ అనే ముగ్గురు 1971లో ప్రచురించారు. ఇప్పుడు ఏ.డి.9833 లాంటి చిప్పుల్లో ఇది వేలి గోరంత చోటులో అమ్ముడవుతోంది.

డాక్ కాలికి నేరుగా ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ తగిలించవద్దు. డాక్ ఇచ్చేది మాట మాత్రమే, బలం కాదు. మధ్యలో ఆంప్లిఫయర్ ఉండాలి. అలకి అడుగున ఉన్న 1.65 వోల్టుల స్థిర భాగాన్ని ఆపడానికి ఒక కెపాసిటర్ ఉండాలి. ఇంతకు మించి ఆ సంగతి గురించి చెప్పడానికేమీ లేదు.

సూరత్‌లో ఇదంతా ఎక్కడ పనికొస్తుందో వజ్రాల పనిలో, బట్టని లేసర్‌తో కత్తిరించే పనిలో కిరణాన్ని నడిపే గాల్వో అద్దాల దగ్గర చూడవచ్చు. చిటికెన వేలి గోరంత అద్దం ఒక చిన్న మోటారు కొసన ఉంటుంది, దానికి అందిన వోల్టేజి ఎంతో అంత తిరుగుతుంది. ఒక అద్దం అడ్డంగా, ఒకటి నిలువుగా. కంప్యూటర్ నుంచి అంకెలు వస్తాయి, దారిలో ఎక్కడో ఒక డాక్ వాటిని వోల్టేజిగా మారుస్తుంది. మామిడి పిందె ఆకారాన్ని కత్తిరించాలంటే రెండు అద్దాలకి రెండు అలలు వెళ్తాయి, అవీ మెట్ల అలలే. కానీ అద్దానికి బరువుంది. మెట్టు మెట్టుకీ ఉలిక్కిపడేంత చురుకు దానికి లేదు. కాబట్టి అద్దం బరువే ఫిల్టర్.

రంగు మిల్లుల్లో పంపుల్నీ ఫ్యాన్లనీ నడిపే మోటార్ల వేగాన్ని మార్చే వి.ఎఫ్.డి. పెట్టెల దగ్గర కథ ఇంకా సొంపుగా ఉంటుంది. ఆ పెట్టెకి వేగం చెప్పే పద్ధతుల్లో ఒకటి సున్నా నుంచి పది వోల్టుల అనలాగ్ సంకేతం. మైక్రోకంట్రోలర్ డాక్ ఇచ్చే 3.3 వోల్టుల్ని మూడు రెట్లు పెంచి అందిస్తే మోటారు వేగం మన ప్రోగ్రాం చేతిలోకి వస్తుంది. అయితే ఆ పెట్టె మోటారుకి ఇచ్చేది నిజమైన సైన్ కాదు. వందల వోల్టుల్ని సెకనుకి కొన్ని వేల సార్లు తెరిచి మూస్తుంది, ఊనో బోర్డు చేసే పనే, కాకపోతే పెద్ద ఎత్తున. ఫిల్టర్ ఎక్కడా కనిపించదు, మోటారు రాగి చుట్టలే ఆ మెట్లని మింగేసి కరెంటుని సైన్‌గా మలుస్తాయి. మింగగా మిగిలిన దొంగ అలలు ఆ చుట్టల్నీ ఇనప రేకుల్నీ వణికిస్తాయి. మిల్లులో మోటారు పక్కన నిలబడితే తిరిగే చప్పుడు మీద సన్నగా, గట్టిగా ఒక కీచు వినిపిస్తుంది. వేగం మార్చినా మారని ఆ కీచు, తరిమేసిన మెట్లదే.